మౌనానికి గడువు పెట్టుకున్న ఆటగాడు.. జాకీ రాబిన్సన్

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే అమెరికా బేస్‌బాల్‌లో ఒక వింత కనిపిస్తుంది. ఆ రోజు మైదానంలోకి దిగే ప్రతి ఆటగాడి వీపు మీదా ఒకటే నంబరు ఉంటుంది. అది 42. ఏ జట్టువాడైనా సరే, ఎంత పెద్ద స్టార్ అయినా సరే, ఆ ఒక్క రోజు తన నంబరు పక్కన పెట్టి అదే వేసుకుంటాడు. మిగతా రోజుల్లో మాత్రం ఆ నంబరు ఎవరికీ ఇవ్వరు. 1997లో దాన్ని అన్ని పెద్ద జట్లలోనూ శాశ్వతంగా పక్కన పెట్టేశారు.

అది జాకీ రాబిన్సన్ నంబరు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున ఆయన మైదానంలో అడుగు పెట్టారు. అరవై ఏళ్లకు పైగా నల్లజాతి వాళ్లకు మూసి ఉన్న తలుపు ఆ రోజు తెరుచుకుంది.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఆయన సహనం గురించే ఎక్కువ చెబుతారు. ఎన్ని తిట్లు తిట్టినా పల్లెత్తు మాట అనలేదని, ఎంత రెచ్చగొట్టినా చెయ్యెత్తలేదని పిల్లలకు పాఠంగా చెబుతారు. అది నిజమే. కానీ ఆ సబర్ ఆయన పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు. లెక్క వేసుకుని, గడువు పెట్టుకుని ఒప్పుకున్న షరతు అది. ఆ గడువు తీరాక ఆయన ఎలా మాట్లాడారు, అప్పటిదాకా మెచ్చుకున్నవాళ్లు ఆయన్ని ఎలా చూశారు అన్నది కూడా తెలిస్తేనే ఈ జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

పాలు సేద్యం చేసే ఇంట్లో పుట్టి..

జాకీ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలో కైరో అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు ఒక తెల్ల భూస్వామి పొలంలో పాలుకు సేద్యం చేసేవాళ్లు. ఐదుగురు పిల్లల్లో జాకీయే ఆఖరివాడు. ఇంకా ఊయలలో ఉండగానే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. 1920లో తల్లి మాలీ ఐదుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని రైలెక్కి, దేశానికి ఆ చివరన కాలిఫోర్నియాలో ఉన్న పాసడేనా చేరింది. అక్కడ తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేస్తూ పిల్లల్ని పెంచింది. పైసా పైసా కూడబెట్టి తెల్లవాళ్లు ఉండే వీధిలోనే ఇల్లు సంపాదించింది. ఖాళీ చేయించాలని చుట్టుపక్కలవాళ్లు చాలా ప్రయత్నాలు చేశారు. ఆమె కదల్లేదు.

పాసడేనాలో మునిసిపల్ ఈత కొలను ఉండేది. నల్లజాతి పిల్లల్ని అందులోకి వారంలో ఒక్క రోజు మాత్రమే రానిచ్చేవాళ్లు. జాకీ పెరిగింది ఇలాంటి ఊళ్లో.

అన్న మాక్ రాబిన్సన్ గొప్ప పరుగు వీరుడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనకే వచ్చి వెండి పతకం గెలిచాడు. ఆ పతకంతో ఊరికి తిరిగొస్తే దొరికిన పని రోడ్లు ఊడ్చడం. ఒలింపిక్ జాకెట్ వేసుకునే వీధులు ఊడ్చేవాడట. ప్రతిభ ఒక్కటే చాలదన్న సంగతి జాకీకి ఇంట్లోనే తెలిసింది.

అయినా ఆట మానలేదు. లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరి బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్.. నాలుగింటిలోనూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు. నాలుగు ఆటల్లో ఆ గౌరవం దక్కించుకున్న మొదటి విద్యార్థి ఆయనే. రేచెల్ ఇజమ్ అనే నర్సింగ్ విద్యార్థిని పరిచయమైంది కూడా అక్కడే. డిగ్రీ మాత్రం పూర్తి చేయలేదు. చదువు నల్లవాడికి ఉద్యోగం తెచ్చిపెడుతుందన్న నమ్మకం పోయి 1941లో బయటికి వచ్చేశారు.

బస్సులో వెనక్కి వెళ్లని లెఫ్టినెంట్

1942లో సైన్యంలోకి తీసుకున్నారు. మరుసటి ఏడాది సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1944 జులైలో టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్ సైనిక స్థావరంలో ఒక బస్సు ఎక్కారు. వెనక సీటుకు పొమ్మని డ్రైవర్ గద్దించాడు. సైన్యం నడిపే బస్సుల్లో అలా వేరు చేయకూడదన్న ఆదేశం రాబిన్సన్‌కు తెలుసు. లేవనన్నారు. మాట మాట పెరిగింది, మిలిటరీ పోలీసులు వచ్చారు, చివరికి కోర్టు మార్షల్ దాకా వెళ్లింది. ఆగస్టులో విచారణ జరిగింది. తొమ్మిది మంది అధికారుల బెంచి ఆయన నిర్దోషి అని తేల్చింది. నవంబరులో గౌరవంగానే సైన్యం నుంచి విడుదలయ్యారు.

రోజా పార్క్స్ అనే మహిళ అలబామాలో బస్సు సీటు ఇవ్వనని కూర్చుని చరిత్రకెక్కింది 1955లో. అంతకు పదకొండేళ్ల ముందే జరిగింది ఇది. అవమానం జరిగితే ఊరుకునే మనిషి రాబిన్సన్ కాదని చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు. మూడేళ్ల తర్వాత అలాంటి మనిషి నోరు కట్టేసుకుని ఒక సీజన్ ఆడారు. అది ఎంత కష్టమో ఇక్కడే ఊహించుకోవాలి.

రాతలో లేని నిషేధం

బేస్‌బాల్ మనకు పెద్దగా అలవాటు లేని ఆట. క్రికెట్‌తో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. జట్టుకు తొమ్మిది మంది. పిచర్ బంతిని నేల తాకకుండా నేరుగా విసురుతాడు, బ్యాటర్ కొట్టాలి. వికెట్ల మధ్య పరుగులు తీసినట్టు కాకుండా, చతురస్రం నాలుగు మూలల్లో ఉండే బేస్‌లు వరసగా దాటుకుంటూ మొదలుపెట్టిన చోటికి తిరిగి వస్తేనే ఒక పరుగు. బంతి కొట్టకపోయినా, పిచర్ విసిరే క్షణంలో తర్వాతి బేస్‌కు దూసుకెళ్లిపోవచ్చు. దాన్ని బేస్ దొంగిలించడం అంటారు. రాబిన్సన్ ఆ విద్యలో ఆరితేరినవారు.

అప్పట్లో పెద్ద లీగులు రెండు, జట్లు పదహారు. నల్లజాతి వాళ్లను తీసుకోకూడదని ఎక్కడా రాసి లేదు. కానీ 1880ల తర్వాత ఏ జట్టూ తీసుకోలేదు. యజమానుల మధ్య అదొక ఒప్పందంలా నడిచింది. దాంతో నల్లజాతి ఆటగాళ్లు సొంతంగా నీగ్రో లీగులు పెట్టుకుని ఆడుకునేవాళ్లు. 1945లో రాబిన్సన్ కూడా కాన్సాస్ సిటీ మోనార్క్స్ అనే జట్టులో నెలకు 400 డాలర్ల జీతానికి చేరారు. రాత్రంతా బస్సు ప్రయాణాలు, తిండి పెట్టని హోటళ్లు, గది ఇవ్వని ఊళ్లు. ఆ ఏప్రిల్‌లోనే బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు ఆయనతో కలిపి ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లను పరీక్షకు పిలిచింది. అదంతా కంటితుడుపే. తర్వాత ఒక్క కబురు కూడా రాలేదు. పెద్ద జట్లన్నిటిలో చిట్టచివర, 1959లో గానీ ఆ జట్టు ఒక నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోలేదు.

మూడు గంటల ఇంటర్వ్యూ

బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును నడిపే బ్రాంచ్ రికీ మాత్రం వేరేగా ఆలోచిస్తున్నారు. ఆయన భక్తిపరుడు, ఆదివారం ఆటకు కూడా వెళ్లేవారు కాదు. యువకుడిగా ఒక కాలేజీ జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు తన జట్టులోని నల్లజాతి కుర్రాడికి హోటల్లో గది ఇవ్వనన్నారని, ఆ రాత్రి ఆ కుర్రాడు తన చేతుల చర్మాన్ని రుద్దుకుంటూ ఏడ్చిన దృశ్యం మరచిపోలేదని రికీ చెప్పుకునేవారు. అయితే రికీ పక్కా వ్యాపారి కూడా. జీతాల దగ్గర గట్టి పిసినారి అని పేరు. మిగతా జట్లు ముట్టుకోని ప్రతిభ నీగ్రో లీగుల్లో చవకగా దొరుకుతుందని ఆయనకు తెలుసు. నల్లజాతి ప్రేక్షకులు టికెట్ కొని వస్తారనీ తెలుసు. 1945లో న్యూయార్క్ రాష్ట్రం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. నల్లజాతి పత్రికలు ఏళ్ల తరబడి ఇదే విషయం మీద ఒత్తిడి తెస్తున్నాయి. ఇన్ని కలిసొచ్చాకే తలుపు కదిలింది.

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్‌లోని ఆఫీసులో రికీ రాబిన్సన్‌ను కూర్చోబెట్టుకుని దాదాపు మూడు గంటలు మాట్లాడారు. మాట్లాడారు అనేకన్నా నటించారు అనాలి. గది ఇవ్వని హోటల్ గుమాస్తాలా, కావాలని కాలు తొక్కే ప్రత్యర్థిలా, నానా మాటలూ అనే ప్రేక్షకుడిలా మారి మొహం మీదే తిట్టారు. చివరికి తన షరతు చెప్పారు. తొలి మూడేళ్లు ఎవరేం చేసినా తిరిగి కొట్టకూడదు, తిరిగి తిట్టకూడదు. ఒక్కసారి చెయ్యెత్తితే, నల్లవాళ్లు పెద్ద ఆటకు పనికిరారని అనడానికి అందరికీ సాకు దొరుకుతుంది. మళ్లీ ఎన్నేళ్లకు ఇంకొకరికి అవకాశం వస్తుందో చెప్పలేం.

రాబిన్సన్ ఒప్పుకున్నారు. నెలకు 600 డాలర్ల జీతం, 3,500 డాలర్ల బోనస్. ఆయన్ని వదులుకున్న మోనార్క్స్ జట్టుకు రికీ ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు.

1946లో ముందుగా డాడ్జర్స్‌కు అనుబంధంగా కెనడాలో ఉన్న మాంట్రియల్ రాయల్స్ జట్టులో ఆడించారు. ఫిబ్రవరిలో రేచెల్‌తో పెళ్లయింది. కొత్త దంపతులు ఫ్లోరిడా శిక్షణ శిబిరానికి బయల్దేరితే విమానంలో సీట్లు తీసేసుకున్నారు, బస్సులో వెనక్కి పంపారు. శాన్‌ఫర్డ్ అనే ఊళ్లో స్థానికుల బెదిరింపుతో రాత్రికి రాత్రే వెళ్లిపోవాల్సి వచ్చింది. అంత జరిగాక ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో మొదటి మ్యాచ్ ఆడారు. ఐదుసార్లు బ్యాట్ పట్టి నాలుగు హిట్లు కొట్టారు, అందులో ఒకటి హోమ్ రన్. రెండు బేస్‌లు దొంగిలించారు. జట్టు 14-1తో గెలిచింది. ఆ ఏడాది లీగులో బ్యాటింగ్ సగటులో ఆయనే మొదటి స్థానం. జట్టు మేనేజర్ క్లే హాపర్ మిసిసిపీ రాష్ట్రం మనిషి. నల్లజాతి ఆటగాణ్ణి తన జట్టులో పెట్టొద్దని మొదట్లో బతిమాలుకున్నారు. సీజన్ అయిపోయాక ఆయనే చెయ్యి కలిపి, మంచి మనిషి, గొప్ప ఆటగాడు అని మెచ్చుకున్నారు. మాంట్రియల్ జనమైతే ఆఖరి మ్యాచ్ తర్వాత ఆయన్ని భుజాల మీద మోశారు.

1947.. ఒక జట్టు, ఒక సీజన్

అసలు పరీక్ష తర్వాతి ఏడాది. వసంతకాల శిక్షణలో ఉండగానే డాడ్జర్స్ ఆటగాళ్లలో కొందరు, ముఖ్యంగా దక్షిణాది వాళ్లు, రాబిన్సన్‌తో కలిసి ఆడబోమని పిటిషన్ తయారు చేశారు. విషయం తెలిసిన మేనేజర్ లియో డ్యూరోషర్ అర్ధరాత్రి అందరినీ నిద్ర లేపి చీవాట్లు పెట్టారు. ఈ కుర్రాడు అందరి జేబులూ నింపుతాడని, ఇష్టం లేనివాళ్లు వేరే జట్టు చూసుకోవచ్చని తేల్చి చెప్పారు. కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చిన పీ వీ రీస్ ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నారు. జట్టులో అభిమానులకు ఎంతో ఇష్టమైన డిక్సీ వాకర్ మాత్రం తనను వేరే జట్టుకు పంపేయమని ఉత్తరం రాశారు. అలబామాలో తన హార్డ్‌వేర్ వ్యాపారం దెబ్బతింటుందన్న భయమే కారణమని చాలా ఏళ్ల తర్వాత చెప్పుకున్నారు.

సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు డ్యూరోషర్‌పై వేరే గొడవలో ఏడాది నిషేధం పడింది. బర్ట్ షాటన్ అనే పెద్దాయన వచ్చి జట్టు పగ్గాలు పట్టారు.

ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో బోస్టన్ బ్రేవ్స్‌తో మొదటి మ్యాచ్. వచ్చిన పాతిక వేల మందికి పైగా జనంలో సగానికి మించి నల్లజాతి వాళ్లే. అలవాటు లేని ఫస్ట్ బేస్ స్థానంలో రాబిన్సన్‌ను నిలబెట్టారు. ఆ రోజు ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయారు. కానీ కీలకమైన పరుగు ఆయనే తీశారు, డాడ్జర్స్ 5-3తో గెలిచింది. రేచెల్ అయిదు నెలల పిల్లాడితో స్టాండ్‌లో కూర్చుని చూసింది. అప్పటికి వాళ్లకు న్యూయార్క్‌లో సొంత ఇల్లు కూడా లేదు. హోటల్ గదిలోనే పిల్లాడి పాలు, బట్టలు.

వారం తిరిగేసరికి, ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు వచ్చింది. వాళ్ల మేనేజర్ బెన్ చాప్‌మన్, ఆటగాళ్లు బెంచి మీద నుంచి నోటికి ఏది వస్తే అది అన్నారు. పత్తి చేలకు పొమ్మన్నారు, రాయడానికి వీల్లేని మాటలు ఇంకెన్నో అన్నారు. ఆ రోజు తాను తెగించడానికి ఎంత దగ్గరికి వచ్చారో రాబిన్సన్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు. బ్యాట్ పారేసి, ఆ బెంచి దగ్గరికి నడిచి ఒక్కడి పళ్లు రాలగొట్టి వెళ్లిపోవాలనిపించిందట. అలా చేయలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హిట్ కొట్టి, సెకండ్ బేస్ దొంగిలించి, తర్వాత పరుగు పూర్తి చేశారు. డాడ్జర్స్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క పరుగూ ఆయనదే.

ఈ తిట్ల వల్ల ఫిలీస్ కోరుకోని పని ఒకటి జరిగింది. మొదట్లో రాబిన్సన్ అంటే గిట్టని సహచరుడు ఎడ్డీ స్టాంకీ లేచి, తిరిగి మాట్లాడే వీల్లేని మనిషిని తిట్టడం ఏం మగతనం అని ఫిలీస్ మీద విరుచుకుపడ్డాడు. అప్పటిదాకా విడివిడిగా ఉన్న జట్టు ఒక్కటైంది.

మే నెలలో మరో కలకలం. సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాళ్లలో కొందరు రాబిన్సన్ ఆడితే సమ్మె చేయాలని మాట్లాడుకుంటున్నారని న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక బయటపెట్టింది. సమ్మె చేసినవాళ్లు ఎంతమందైనా సరే సస్పెండ్ చేస్తామన్న లీగ్ అధ్యక్షుడు ఫోర్డ్ ఫ్రిక్ గట్టి వైఖరి కూడా ఆ వార్తతోనే జనానికి తెలిసింది. సమ్మె జరగలేదు. ఆ నెలలోనే ఫిలడెల్ఫియా వెళ్తే అక్కడి హోటల్ జట్టుకు గదులు ఇవ్వనంది. చంపేస్తామని ఉత్తరాలు వచ్చేవి. పిచర్లు కావాలనే ఒంటి మీదకి విసిరేవాళ్లు. ఆ సీజన్‌లో తొమ్మిదిసార్లు బంతి ఆయన ఒంటికి తగిలింది. ఆగస్టు 20న కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ పరిగెడుతూ వచ్చి, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ రాబిన్సన్ కాలిని స్పైక్ బూటుతో తొక్కాడు. కొద్దిలో కాలు దక్కింది.

ఆయనతో పాటు ఊరూరా తిరిగిన నల్లజాతి రిపోర్టర్ ఒకరున్నారు. పేరు వెండెల్ స్మిత్, పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక. రాబిన్సన్ పేరును రికీకి సూచించినవాళ్లలో ఆయన ఒకరు. చాలా మైదానాల్లో విలేకరులు కూర్చునే చోటికి ఆయన్ని రానిచ్చేవాళ్లు కాదు. జనం మధ్య కూర్చుని, ఒళ్లో టైప్‌రైటర్ పెట్టుకుని వార్తలు రాసేవారు. ఆ మౌనం వెనక ఏం జరుగుతోందో పాఠకులకు చేరింది అలాంటివాళ్ల వల్లే.

సీజన్ లెక్క

ఏప్రిల్ చివర్లో వరసగా ఇరవైసార్లు బ్యాట్ పట్టినా ఒక్క హిట్ రాలేదు. జట్టు నుంచి తీసేస్తారని పుకార్లు. షాటన్ తీసేయలేదు. సీజన్ ముగిసేసరికి లెక్క ఇలా తేలింది. 151 మ్యాచ్‌లు, బ్యాటింగ్ సగటు .297, 12 హోమ్ రన్లు, 125 పరుగులు. 29 బేస్‌లు దొంగిలించి లీగ్ మొత్తం మీద మొదటి స్థానం. ఉత్తమ కొత్త ఆటగాడు అనే అవార్డు ఆ ఏడాదే మొదలైంది, మొట్టమొదట అందుకున్నది ఆయనే. సెప్టెంబరులో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకి ఎక్కారు.

డాడ్జర్స్ 94 మ్యాచ్‌లు గెలిచి, 60 ఓడి, కార్డినల్స్ కన్నా ఐదు మ్యాచ్‌లు ముందుండి నేషనల్ లీగ్ టైటిల్ గెలిచింది. వరల్డ్ సిరీస్ ఫైనల్లో న్యూయార్క్ యాంకీస్‌తో ఏడు మ్యాచ్‌ల దాకా పోరాడి 4-3తో ఓడింది. టీవీలో చూపించిన మొదటి వరల్డ్ సిరీస్ అదే.

ఇక డబ్బు లెక్క. ఆ ఏడాది ఎబెట్స్ ఫీల్డ్‌కు 18 లక్షలకు పైగా ప్రేక్షకులు టికెట్ కొని వచ్చారు. వేరే ఊళ్లలోనూ డాడ్జర్స్ ఆడుతోందంటే మైదానాలు నిండిపోయేవి. వీటన్నిటికీ కారణమైన మనిషికి ఆ సీజన్ జీతం 5,000 డాలర్లు, అంటే లీగ్‌లో కనీస జీతం. దెబ్బ ఇంకొకరికి కూడా తగిలింది. నల్లజాతి ప్రేక్షకులు రాబిన్సన్‌ను చూడటానికి వెళ్లడంతో నీగ్రో లీగుల మైదానాలు ఖాళీ అయ్యాయి. 1948 సీజన్ తర్వాత నీగ్రో నేషనల్ లీగ్ మూతపడింది. పెద్ద జట్లు ఒకరిద్దర్ని తీసుకున్నాయే గానీ మిగిలిన వందల మంది ఆటగాళ్లు, యజమానులు, సిబ్బంది గురించి ఎవరూ ఆలోచించలేదు. తలుపు తెరుచుకోవడం నిజం. లోపలికి పోయింది కొందరే, బయట ఉన్న ఇల్లు మాత్రం కూలిపోయింది.

గడువు తీరాక

1949కి షరతు గడువు తీరింది. ఇక నీ ఇష్టం అని రికీ చెప్పేశారు. అక్కడి నుంచి అసలు రాబిన్సన్ బయటికి వచ్చారు. అంపైర్ తప్పు చేస్తే ముఖం మీదే వాదించారు. కావాలని కొట్టిన పిచర్‌కు జవాబు చెప్పారు. గది ఇవ్వని హోటళ్లతో గొడవపడ్డారు. ఆట కూడా అప్పుడే శిఖరానికి చేరింది. 1949లో .342 సగటుతో, 37 బేస్‌లు దొంగిలించి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచారు.

కానీ పత్రికల మాట మారింది. 1947లో ఆయన ఓర్పును ఆకాశానికెత్తిన కొందరే ఇప్పుడు కోపిష్టి అని, కృతజ్ఞత లేదని, ఎప్పుడూ ఫిర్యాదులేనని రాశారు. మిగతా ఆటగాళ్లు అంపైర్‌తో వాదిస్తే పట్టుదల అన్నారు, ఆయన వాదిస్తే పొగరు అన్నారు. తిట్లు తిన్నప్పుడు మంచివాడు, హక్కు అడిగినప్పుడు చెడ్డవాడు. ఆ తేడా ఆయనకు బాగా అర్థమైంది. అయినా వెనక్కి తగ్గలేదు.

అదే ఏడాది జులైలో ఆయన్ని అమెరికా చట్టసభ కమిటీ ముందుకు పిలిచారు. నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్‌కు వ్యతిరేకంగా చెప్పించడం వాళ్ల ఉద్దేశం. రాబిన్సన్ రోబ్సన్ మాటల్ని తప్పుపట్టారు గానీ, దేశంలో వివక్ష నిజమని, అది కమ్యూనిస్టులు కల్పించింది కాదని కూడా అక్కడే చెప్పారు. పత్రికలు మొదటి సగమే ఎక్కువగా వేశాయి. చివరి రోజుల్లో తన ఆత్మకథలో రోబ్సన్ త్యాగాల పట్ల గౌరవం పెరిగిందని రాసుకున్నారు.

1955లో డాడ్జర్స్ ఎట్టకేలకు యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. బ్రూక్లిన్‌కు దక్కిన ఒకే ఒక్క సిరీస్ అది. 1956 చివర్లో ఆయన్ని ప్రత్యర్థి జట్టు జెయింట్స్‌కు అమ్మేశారు. వెళ్లకుండా రిటైర్ అయ్యి ఒక కాఫీ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్‌గా చేరారు. ఏడాది తిరిగేసరికి డాడ్జర్స్ కూడా బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజిలెస్ వెళ్లిపోయింది. 1960లో ఎబెట్స్ ఫీల్డ్‌ను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు.

మైదానం బయట

1962లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యారు. అప్పటికే ఆయన ధ్యాసంతా పౌరహక్కుల ఉద్యమం మీద ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ కోసం చందాలు వసూలు చేశారు, ఊరేగింపుల్లో నడిచారు, పత్రికల్లో కాలమ్ రాశారు. 1964లో హార్లెమ్‌లో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంక్ స్థాపనలో ముందు నిలిచారు. నల్లజాతి వాళ్లకు ఇల్లు కట్టుకోవడానికో దుకాణం పెట్టుకోవడానికో వేరే బ్యాంకులు అప్పు ఇవ్వని రోజులవి. ఓటు ఎంత ముఖ్యమో బ్యాంకు అప్పు కూడా అంతే ముఖ్యమని ఆయన నమ్మారు.

ఆయన అభిప్రాయాలు అందరికీ నచ్చేవి కావు. 1960 ఎన్నికల్లో నిక్సన్‌ను బలపరిచి తర్వాత బాధపడ్డారు. 1963లో మాల్కమ్ ఎక్స్‌తో పత్రికల్లో ఘాటుగా వాదులాడుకున్నారు. తెల్ల యజమానుల మెప్పు కోసం నడుచుకున్నారని మాల్కమ్ అంటే, తన దారి తానే ఎంచుకున్నానని రాబిన్సన్ జవాబిచ్చారు. మరుసటి ఏడాది బాక్సర్ ముహమ్మద్ అలీ ఇస్లాం స్వీకరించానని ప్రకటించగానే దేశమంతా ఆయన మీద పడింది. నచ్చిన మతం ఎంచుకునే హక్కు ఆయనకు ఉందని అప్పుడు తన కాలమ్‌లో నిలబడి రాసినవారు ఇదే రాబిన్సన్. వియత్నాం యుద్ధానికి వెళ్లనని అలీ అన్నప్పుడు మాత్రం విభేదించారు. ఏ గుంపుకూ పూర్తిగా చెందని మనిషి. తనకు సరి అనిపించిందే చెప్పేవారు.

ఒంట్లో మధుమేహం చేరింది. చూపు మందగించింది, గుండె బలహీనపడింది. వియత్నాంలో గాయపడి, మత్తుపదార్థాలకు బానిసై, అందులోంచి బయటపడి ఇతరులకు సాయం చేస్తున్న పెద్దకొడుకు జాకీ జూనియర్ 1971 జూన్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతని వయసు 24. ఆ దెబ్బ నుంచి తండ్రి తేరుకోలేదు.

1972 అక్టోబర్ 15న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మ్యాచ్ ముందు, ఆయన తొలి సీజన్‌కు పాతికేళ్లు నిండినందుకు సన్మానం చేశారు. జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్లు దాదాపు కనిపించవు. కృతజ్ఞతలు చెప్పి దిగిపోతే అందరికీ హాయిగా ఉండేది. ఆయన అలా చేయలేదు. కృతజ్ఞతలు చెప్పాక, పాతికేళ్లు గడిచినా ఒక్క పెద్ద జట్టుకు కూడా నల్లజాతి మేనేజర్ లేడని, ఆ రోజు చూస్తేనే తనకు నిజమైన సంతోషమని దేశమంతా టీవీలో చూస్తుండగా చెప్పారు.

తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 24న గుండెపోటుతో కనుమూశారు. 53 ఏళ్లు. ఒకప్పటి ఎబెట్స్ ఫీల్డ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే బ్రూక్లిన్‌లో ఖననం చేశారు. ఆయన అడిగిన పని 1975లో జరిగింది. ఫ్రాంక్ రాబిన్సన్, ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు, క్లీవ్‌లాండ్ జట్టుకు మేనేజర్ అయ్యారు. భర్త పోయిన మరుసటి ఏడాదే రేచెల్ ఆయన పేరుతో ఫౌండేషన్ పెట్టి పేద విద్యార్థులకు కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఉద్యోగం రాదనుకుని డిగ్రీ మధ్యలో వదిలేసిన మనిషి పేరు మీద ఇప్పుడు పిల్లలు పట్టాలు అందుకుంటున్నారు.

ఏప్రిల్ 15న 42 నంబరు వేసుకునే ఆటగాళ్లు 1947 నాటి మౌనాన్ని గుర్తు చేసుకుంటారు. ఆ మౌనం ఆయన ఇంకొకరి కోసం కట్టిన కిస్తీ లాంటిది. కిస్తీలు తీరిపోయాక మిగిలిన ఇరవై మూడేళ్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. గుర్తు పెట్టుకోవాల్సింది ఆ రెండూ.